గొణగకూడదు

ఉదయం ఏడింటికి డ్యామ్ కంట్రోల్ రూమ్ ఆపరేటర్‌ని లిఫ్టులో కాల్చి చంపారు. తొమ్మిదింటికి చీఫ్ గడిని పిలిపించాడు.

గడి అతని అసలు పేరు కాదు. తెరమీద వెలిగి ఆరిన గడులను వరస తప్పకుండా చెప్పగలడని సీక్రెట్ సర్వీసులో అందరూ అలా పిలిచేవారు. మూడేళ్ల క్రితం, భార్య పోయాక, ఉద్యోగం మానేశాడు.

బ్రీఫింగ్ రెండు నిమిషాల్లో ముగిసింది. సరిహద్దు అవతలి ముఠా పదకొండింటికి డ్యామ్ గేట్లన్నీ ఒకేసారి తెరవబోతోంది. కింది లోయలో మూడు లక్షల మంది ఉన్నారు. ఆపగలిగేది కంట్రోల్ రూమ్‌లోని లాక్ ప్యానెల్ ఒక్కటే. శత్రువు కమాండ్ వచ్చాకే అది మేలుకుంటుంది. ఇరవై అయిదు గడుల్లో ఏడు, ఒకదాని తర్వాత ఒకటి వెలుగుతాయి. పది సెకన్ల చీకటి. తర్వాత అదే వరసలో నొక్కాలి. రెండే అవకాశాలు.

"లోపల వాళ్ల మనిషి ఒకరున్నారు," అన్నాడు చీఫ్. "ఎవరో తెలీదు. ఎవర్నీ నమ్మకు."

"మిమ్మల్ని కూడానా?"

"ముందు నన్నే."

కంట్రోల్ రూమ్ తలుపు మీద, ఇక్కడ ఇన్‌చార్జిగా ఉన్నప్పుడు గడి రాయించిన బోర్డు ఇంకా ఉంది. ప్యానెల్ ముందు మాట్లాడకూడదు, గొణగకూడదు. అది ఒక్క మనిషి కోసం పెట్టిన రూలు. అతని భార్య ఇక్కడే ఆపరేటర్. ఇంట్లో గోడమీద వాళ్ల పెళ్లి గ్రూప్ ఫోటో ఉండేది. అయిదు వరసలు, వరసకు అయిదుగురు. ఏ గడి వెలిగితే ఫోటోలో అక్కడ నిలబడ్డ మనిషిని గొణిగేది. తాత, పిన్ని, అత్త. అది చేతగానివాళ్ల పద్ధతి అన్నాడతను. ఆమె మానేసింది.

ఆర్నెల్లకు మొదటి దాడి జరిగింది. ఆమె వరస మరిచిపోయింది. ఒక గేటు తెరుచుకుంది. నలభై మంది పోయారు. చెవి దగ్గర ఏదో టకటకలాడిందని, గడులు తుడిచేసినట్టు పోయాయని విచారణలో చెప్పింది. అతను రిపోర్టులో 'అజాగ్రత్త' అని రాసి సంతకం పెట్టాడు. తర్వాత ఆమె నెల కూడా బతకలేదు.

లోపల డాక్టర్ ఎదురొచ్చింది. సర్వీసులో ఆపరేటర్ల మెదడు పరీక్షలన్నీ ఆమెవే. పట్టు చీర, నల్లకళ్లద్దాలు, ఖరీదైన సెంటు. భార్యకు సొంత చెల్లెలు.

"కూర్చో బావా. అక్క కుర్చీయే."

కుర్చీకి తల కదలకుండా రెండు పక్కలా పట్టి ఉంచే రెక్కలున్నాయి. కుడి రెక్కను ఆమె స్వయంగా అతని చెవి పైకి సర్దింది. కుర్చీలో బరువు లేకపోతే ప్యానెల్ ఆరిపోతుంది, లేవడానికి లేదు.

పది యాభై ఎనిమిదికి ఎర్రదీపం వెలిగింది. ఏడు గడులు వెలిగి ఆరాయి. చీకటి. కుడి చెవి పైన టక్. టక్ టక్ టక్. నెత్తిమీద చర్మం అదిరింది. మనసులో గడుల కోసం వెతికాడు. బల్లమీంచి ఎవరో గిన్నెలెత్తేసినట్టుంది. నాలుగు నొక్కాడు. అయిదోది తప్పు.

అప్పుడు తెలిసింది. కుర్చీ కింద అందరూ యూపీఎస్ అనుకునే పెట్టె. రెక్కలో కాయిల్. అయస్కాంతపు దెబ్బ, ఏది ఎక్కడుందో పట్టి ఉంచే మెదడు భాగాన్ని క్షణం సేపు చెదరగొడుతుంది. పొద్దున చచ్చినవాడు ఈ శబ్దం గురించి డాక్టరుకే ఫిర్యాదు చేసి ఉంటాడు. భార్య అబద్ధమాడలేదు.

కాయిల్ తుడిచేది చోట్లను. పేర్లను కాదు.

"ఇంకొక్క ఛాన్సే ఉంది బావా. కంగారుపడకు."

గడులు మళ్లీ వెలిగాయి. అతను తన రూలు తనే తప్పాడు.

"తాత. పిన్ని. మేనమామ. అత్త."

మధ్య వరస మధ్య గడి వెలిగింది. ఫోటోలో పెళ్లికూతురు. ఆ గడిని ఆమె ఏమనేదో గుర్తొచ్చింది.

"నేను," అన్నాడు. "తమ్ముడు." కింది వరస చివర ఏడోది. "చెల్లి."

వెనక డాక్టర్ ఊపిరి ఆగింది. కాయిల్ టకటకలాడింది. గడులు పోయాయి. చీకట్లో ఏడు పేర్లూ మిగిలాయి, అతని గొంతులో కాదు, భార్య గొంతులో. ఆ గొంతు చెప్పినట్టు నొక్కుకుంటూ పోయాడు. పదకొండుకు ఒక్క సెకను ఉందనగా పచ్చదీపం వెలిగింది.

హ్యాండ్‌బ్యాగులోకి పోతున్న డాక్టర్ చేతిని మణికట్టు దగ్గర పట్టుకున్నాడు. రెండో చేత్తో, తన వాచీకున్న అలారం బటన్ నొక్కాడు. గార్డులు పరిగెత్తుకొచ్చారు.

"అక్కకీ ఇదేనా?"

"ఇదే. గొణిగితే పని చెయ్యదని నాకు తెలుసు బావా. ఎలా ఆపాలా అనుకుంటుంటే నువ్వే బోర్డు పెట్టావు."

అతను తలుపు దగ్గరికి నడిచాడు. బోర్డు ఊడదీసి చంకలో పెట్టుకున్నాడు.

మధ్యాహ్నం పాత రిపోర్టు తెప్పించి 'అజాగ్రత్త' కొట్టేసి తన పేరు రాశాడు. కొత్త రిపోర్టులో ఆపరేటర్ చేసిన నిబంధనల ఉల్లంఘనలు అన్న చోట రాశాడు: 'ఒకటి. మూడేళ్లు ఆలస్యంగా.'