మిగిలిన నాలుగు రోజులు

"ఎడమ చెయ్యి."

"ఇవ్వను."

"ఇవ్వకపోతే ఎట్లాగండీ?"

"కుడిచేతికి వెయ్యండి. ఎడమది కుదరదు."

సిరంజి పట్టుకున్న నర్సు షైని తలెత్తి చూసింది. మాస్కు మీద మాస్కు, ఆ పైన ప్లాస్టిక్ షీల్డు. ఇన్ని అడ్డాల వెనకనుంచి కూడా ఆ కళ్ళు మనిషిని చురుక్కుమనిపించగలవని ప్రేమ్ కిరణ్‌కి అప్పుడే తెలిసింది.

"పొద్దుట్నుంచీ అందరికీ ఎడమచేతికే వేస్తున్నాను. ఒక్కరూ పేచీ పెట్టలేదు. కుడిచెయ్యి నొప్పి చేస్తే రేపు అన్నమెట్లా తింటారు?"

"మా అమ్మ కలిపి పెడుతుంది లెండి."

"ఎన్నేళ్ళండీ మీకు?"

"ఇరవై ఎనిమిది. అమ్మ పెట్టే ముద్దకి వయసుతో పనేంటండీ?"

వెనక బెంచీల మీదున్నవాళ్ళు నవ్వారు. కరోనా రెండోసారి ఊళ్ళని ఊపేసి వెళ్ళిన ఏడాది అది. తిరువూరు ఆస్పత్రిలో డయాలసిస్ పేషెంట్లకి ప్రత్యేకంగా టీకాలు వేస్తున్నారంటే తమ ఊరు వినగడప నుంచి తల్లిని వెంటబెట్టుకుని వచ్చాడు ప్రేమ్ కిరణ్.

నవ్వులు ఆగాక అతను ఎడమచేతి చొక్కా పైకి మడిచాడు. ముంజేతి మీద నరం తాడులా ఉబ్బి మెలికలు తిరిగి ఉంది.

"డయాలసిస్ సూదులు గుచ్చే చెయ్యండి ఇది. ఆపరేషన్ చేసి నరాలు కలిపారు. దీనికి ఇంజెక్షన్లు వెయ్యకూడదు, బీపీ చూడకూడదు. కావాలంటే వేళ్ళు పెట్టి చూడండి."

షైని రెండు వేళ్ళు ఆనించింది. చర్మం కింద తుమ్మెద తిరిగినట్టు జుమ్మంటోంది. ఆమె కళ్ళు పెద్దవయ్యాయి.

"ఫిస్టులా! చదువుకున్నాను గానీ ఎప్పుడూ ముట్టుకోలేదు. ఆ మాట ముందే చెప్పొచ్చు కదండీ!"

"చెప్పేలోపే మీరు కళ్ళెర్రజేశారు."

అదొక్కటే కారణం కాదు. మాట నోట్లోనే దాచుకోవడం అతనికి చిన్నప్పటి జబ్బు. కిడ్నీ జబ్బు ఆ తరవాత వచ్చింది.

కుడిచెయ్యి పట్టుకోబోతే షైని వేళ్ళు జారిపోయాయి. "ఇదేంటండీ, ఇంత నూనె?"

"ప్రార్థన నూనెమ్మా," అంది వెనక నుంచున్న మాణిక్యమ్మ. "పాస్టరుగారిచ్చారు. టీకా వేసే చెయ్యని మా వాడికి కుడిచేతికి బాగా పట్టించా."

షైని దూది మీద దూది మార్చి తుడిచింది. "మా అమ్మమ్మ గుణదల మేరీమాత దగ్గర్నుంచి తెచ్చిన నూనె రాస్తుంది ఆంటీ. మాది ఆర్‌సీఎం, కేథలిక్కులం."

"అయినా పర్లేదులేమ్మా," అని పెద్దమనసు చేసుకుంది మాణిక్యమ్మ.

"స్పిరిటు ముందు ఏ నూనైనా ఒకటే," అంటూనే సూది వేసేసింది షైని. ప్రేమ్ కిరణ్‌కి వేసిన సంగతే తెలియలేదు. "ఇప్పుడు మీరు కూర్చోండి ఆంటీ."

"నాకొద్దమ్మా," అంది మాణిక్యమ్మ. చెప్పులు వేసుకుని గుమ్మం దాటేసింది.

*

సోమ, బుధ, శుక్రవారాలు ప్రేమ్ కిరణ్‌వి కావు, ఆ ఆస్పత్రిలోని డయాలసిస్ మిషన్‌వి. ప్రైవేటు స్కూల్లో లెక్కల మాస్టారు కనక మంచం మీద పడుకునే, కుడిచేత్తో ఫోను పట్టుకుని, పిల్లలకి ఆన్‌లైన్లో భిన్నాలు చెప్పేవాడు. ఆ వారం బుధవారం నాడు షైని డయాలసిస్ గది తలుపు దగ్గర నుంచుని అడిగింది.

"చెయ్యి నొప్పి తగ్గిందా?"

"తగ్గింది మేడమ్."

శుక్రవారం మళ్ళీ అదే ప్రశ్న. టీకా నొప్పి రెండ్రోజులకే పోయింది గానీ ఆ ప్రశ్న మాత్రం నెల దాటినా ఆగలేదు. అతనికి అది ఆగకూడదని ఉంది. ఆ సంగతీ నోట్లోనే దాచుకున్నాడు.

"మాది రెడ్డిగూడెం. నాన్నకి మామిడితోట ఉంది," అంది ఒకరోజు. "ఈసారి చిన్నరసాలు ఎంత తియ్యగా ఉన్నాయో!"

"మామిడిపండు తింటే నాకు పొటాషియం పెరుగుతుందండీ. మీరు చెప్తుంటే వింటేనే పెరిగేట్టుంది."

ఆమె నవ్విందని కళ్ళ చివర ముడతలు చూసి తెలుసుకున్నాడు. ఆ మాస్కు కింద ముఖం ఎట్లా ఉంటుందో అతనింతవరకూ చూడలేదు.

"మరి కిడ్నీ మార్చే ఆపరేషన్ అయ్యాక తిందురుగాని. ఎప్పుడంట?"

అతను గోడకేసి చూశాడు. "ఎప్పుడో తెలీదండీ. అమ్మ కిడ్నీ నాకు సరిపోయింది, పరీక్షలన్నీ అయ్యాయి. కానీ ఇద్దరికీ రెండు డోసులూ పడితేనే చేస్తామన్నారు విజయవాడ డాక్టరుగారు. అమ్మేమో టీకా అనగానే పారిపోతోంది. కిడ్నీ ఇస్తానని మాటైతే ఇచ్చింది గానీ, ఇప్పుడు భయమేసినట్టుంది. పైకి చెప్పలేక ఇట్లా చేస్తోంది."

"అడిగారా?"

"అడిగితే కాదనలేక ఒప్పుకుంటుంది కదండీ పాపం. బలవంతపెట్టినట్టుంటుంది."

"పోనీ డాక్టరుగారన్న మాటైనా చెప్పారా?"

"లేదు."

షైని కాసేపు అతన్ని తేరిపార చూసింది. "మీకు కిడ్నీ సంగతి తరవాత. ముందు ఆ నోటికి వైద్యం చేయించుకోవాలి," అని విసవిసా వెళ్ళిపోయింది.

*

ఆ వారంలోనే వినగడపలో ఇంటింటికీ తిరిగి టీకాలు వేశారు. వాన సన్నగా పడుతోంది. మందుపెట్టె భుజానేసుకుని, గొడుగు లేకుండా వస్తున్న షైనిని చూసి ప్రేమ్ కిరణ్ గొడుగు తీసుకుని ఎదురెళ్ళాడు. గొడుగంతా ఆమె మీదే పట్టి తను తడుస్తూ నడిచాడు.

"ఆంటీ ఏరండీ?"

"ఇప్పటిదాకా ఇక్కడే బియ్యం ఏరుతోంది."

అరుగు మీద చాట ఉంది, మాణిక్యమ్మ లేదు. షైని నేరుగా పెరట్లోకి నడిచింది. గేదెల పాకలో, ఈనబోతున్న గేదె వెనకాల, కొంగు తలమీదికి లాక్కుని కూర్చుంది మాణిక్యమ్మ. ప్రేమ్ కిరణ్ పాక బయటే ఆగిపోయాడు.

"ఆంటీ, సూదంటే అంత భయమా?"

"సూదికి భయపడేదాన్నయితే కడుపు కోయించుకుంటానని ఒప్పుకుంటానా తల్లీ?" గొంతు తగ్గించింది మాణిక్యమ్మ. "నాకున్నవి రెండు. వాటిల్లో మంచిది మా వాడికివ్వాలి. ఆ టీకా ఒళ్ళంతా పాకి లోపల పాడు చేస్తదంట కదా? నేను దాన్ని జాగ్రత్తగా దాస్తున్నానమ్మా. తలనొప్పొచ్చినా మాత్ర మింగట్లా. కాఫీ కూడా మానేశా. వాడికి చెప్పమాక, బాధపడతాడు."

బయట అంతా వింటున్న ప్రేమ్ కిరణ్ చేతిలో గొడుగు వాలిపోయింది. అమ్మ వెనక్కి తగ్గిందనుకున్నందుకు సిగ్గేసింది, ఏడుపూ వచ్చింది.

షైని మాత్రం ఏడవలేదు. ఒక్క కేక పెట్టింది. "ఏమండీ, లోపలికి రండి!" అతను రాగానే ఇద్దర్నీ కలిపి దులిపేసింది.

"టీకా కిడ్నీని పాడు చెయ్యదు ఆంటీ. అసలు మీకిది వెయ్యకపోతే ఆపరేషనే చెయ్యనన్నారంట డాక్టరుగారు. ఈ మహానుభావుడు మీతో చెప్పలేదు, మీరు బాధపడతారని. మీరు ఆయనతో చెప్పలేదు, ఆయన బాధపడతాడని. నోట్లో మాట నోట్లోనే పెట్టుకుని ఇద్దరూ ఒకరికోసం ఒకరు చచ్చేట్టున్నారే!"

మాణిక్యమ్మ కొడుకు వంక చూసింది. "నిజమేనంట్రా?"

"నిజమేనమ్మా."

"ఓరి నీ ఇల్లు బంగారంగాను! ఇన్నాళ్ళూ నేను ఊరికే కాఫీ మానుకున్నానా?" అని ఆ గేదె పక్కనే చెయ్యి చాపింది. ఆ చేతికి నూనె రాయాలన్న మాట ఆమెకి గుర్తే రాలేదు.

*

రెండో డోసుకి ప్రేమ్ కిరణ్ వంతు ముందొచ్చింది. ఆరోజు మనసులోదంతా షైనికి చెప్పేద్దామనుకుని వెళ్ళి, "థ్యాంక్స్ మేడమ్," అని తిరిగొచ్చాడు.

కొన్ని వారాలకి మాణిక్యమ్మ వంతు వస్తే ఆమెని తీసుకొచ్చాడు. టీకా వేశాక అరగంట కూర్చోమన్నారు. బయట వాన. ఎవరూ రాకపోవడంతో షైని కూడా వచ్చి ఎదురుగా కూర్చుంది.

"ఇక విజయవాడ వెళ్ళిపోతారన్నమాట," అంది, వానకేసి చూస్తూ.

"వచ్చే నెల రమ్మన్నారండీ."

అతనూ వానకేసి తిరిగాడు. మాణిక్యమ్మ ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, ఇక ఓపిక పట్టలేకపోయింది.

"ఒరే కిరణూ, నాకొకటి అర్థం కాదురా. ఈ పిల్లని అందరూ సిస్టరంటారు. నువ్వొక్కడివే మేడమంటావు. ఎందుకంట?"

ప్రేమ్ కిరణ్ చెవులు ఎర్రబడ్డాయి.

"గేదెల పాకలో ఈ పిల్ల తిట్టిన తిట్టు అప్పుడే మర్చిపోయావా?" అంది తల్లి.

అతను మర్చిపోలేదు. షైని వైపు తిరిగాడు.

"నాకు మీరంటే ఇష్టమండీ. చాలా ఇష్టం. చెప్పకూడదనుకున్నాను. వారంలో మూడు రోజులు నేను మిషన్‌కే పోతాను. ఆపరేషన్ ఎట్లా అవుతుందో తెలీదు. అది కుదిరినా జీవితాంతం మందులు మింగాలి. ఏం చూసుకుని మిమ్మల్ని అడగను?"

షైని గ్లోవ్స్ తీసేసింది. అతని ఎడమచెయ్యి జాగ్రత్తగా తన ఒళ్ళోకి తీసుకుని, ఉబ్బిన నరం మీద రెండు వేళ్ళు ఆనించింది. జుమ్మంటూనే ఉంది.

"మిగిలిన నాలుగు రోజులు నాకివ్వండి," అంది. "చాలు."

"ఎందుకమ్మా నాలుగుతో సరిపెట్టుకోవడం?" అంది మాణిక్యమ్మ, టీకా వేసిన చెయ్యి నిమురుకుంటూ. "నేనిచ్చేది మంచి కిడ్నీ. కాఫీ కూడా పడకుండా దాచా. ఏడు రోజులూ నీకే."

షైని కళ్ళు తుడుచుకోడానికి షీల్డు తీసింది, మాస్కు కిందికి లాగింది. ప్రేమ్ కిరణ్ ఆమె ముఖం చూడటం అదే మొదటిసారి.