పూల కర్టెన్ చొక్కా

"చొక్కా విప్పండి," అంది డాక్టరు.

నేను మా మేనత్త వైపు చూశాను. అత్త చిలక వైపు చూసింది. చిలక ఎవరినీ పట్టించుకోకుండా పంజరం గొళ్ళెం కొరుకుతోంది.

"ఇక్కడ కాదు, ఇంటికెళ్ళాక," అంది డాక్టరు, ముక్కు మీంచి జారిన కళ్ళజోడు పైకి తోసుకుంటూ. "వేసుకున్న బట్టలన్నీ వేడినీళ్ళలో పడెయ్యండి. ఇవాళ్టి నుంచి ఈ చిలకని వేరే గదిలో ఉంచాలి. ఆ గదిలోకి వెళ్ళేటప్పుడు ఒక చొక్కా, బయట ఇంకో చొక్కా. ఈకల దుమ్ముతోనే ఈ వైరస్ అంటుకుంటుంది."

ఆవిడంటే నాకు అప్పటికే పడదు. పది రోజుల క్రితం మేం మామూలు చెకప్‌కి వచ్చి బెంచీ మీద కూర్చుంటే, లోపల్నుంచి హడావిడిగా వచ్చి, ముక్కూ మొహం తెలియని నా చేతుల్లో ఒక అట్టపెట్టె పెట్టి "ఒక్క నిమిషం పట్టుకోండి" అని ఫోన్ ఎత్తుకుంది. పెట్టెలో సగం ఈకలు ఊడిన చిలకొకటి నన్ను జాలిగా చూసింది. ఒక్క నిమిషం అన్నది పావుగంటైంది. ఆ తర్వాత మా చిలకని నేను పట్టుకుంటే దాని రొమ్ము మీంచి రెండు ఈకలు పీకింది. గోరు దగ్గర రక్తం కూడా తీయబోతే చిలక ఆవిడ వేలు కొరికింది. ఈకలు చాల్లెమ్మని వదిలేసింది.

ఇప్పుడు ఆ ఈకల రిపోర్టు వచ్చింది. పాజిటివ్.

"మందేమిటమ్మా?" అంది అత్త.

"మందు లేదండీ. ఈకలు రాలతాయి, ముక్కు పెళుసైపోతుంది. కొన్ని తట్టుకుంటాయి. మూణ్ణెల్లాగి మళ్ళీ పరీక్ష చేద్దాం. దీన్ని ఇక్కడికి తేవద్దు, మిగతా పక్షులకి ప్రమాదం. నేనే గురువారం గురువారం వస్తాను."

అత్త పంజరం మీద కొంగు కప్పింది. ఆవిడ టైలరు. జనం వద్దనుకున్న చిలకల్ని తెచ్చి పెంచుతుంది. మా ఇంటి వరండాలో ఇంకా ఆరున్నాయి. అన్నిటికంటే పెద్దది ఇదే, పేరు మేనేజరు. ఏ ఆఫీసులో పెరిగిందో ఏమో, కనపడిన వాళ్ళనల్లా "సంతకం అయిందా?" అని అడుగుతుంది. మా అమ్మ చనిపోయిన ఏడాది నేను ఎవరితోనూ మాట్లాడకపోతే, రోజూ వచ్చి నా పుస్తకం మీద కూర్చుని ఆ ప్రశ్నే అడిగేది. చివరికి దానికే మొదట జవాబు చెప్పాను.

మేనేజరుకి నా గదే ఇచ్చాం. ఆ గదిలో వేసుకునే చొక్కా అత్త ఆ సాయంత్రమే కుట్టింది, మిగిలిపోయిన కర్టెన్ గుడ్డతో. ఒక్కో పువ్వు పళ్ళెమంత ఉంది.

మొదటి గురువారం డాక్టరు వచ్చి, నన్ను ఎగాదిగా చూసింది.

"చొక్కా బావుంది. కిటికీ ఎక్కడ?"

"నవ్వాలనుంటే నవ్వేయండి డాక్టరుగారూ. ఆపుకుంటే కళ్ళజోడు జారుతోంది."

నవ్వింది. కళ్ళజోడు నిజంగానే జారింది. నేను చేసేది కళ్ళద్దాల షాపులో పని. పొద్దున్నుంచి సాయంత్రం దాకా అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగిస్తాను. నా కళ్ళ ముందు ఒక కళ్ళజోడు అలా జారుతుంటే నాకు పంటి కింద రాయిలా ఉంటుంది.

రెండో గురువారం ఓర్చుకున్నాను. మూడో గురువారం చిన్న స్క్రూడ్రైవరు జేబులో పెట్టుకున్నాను.

"ఒక్క నిమిషం ఇటివ్వండి."

"మీ ఒక్క నిమిషమా, నా ఒక్క నిమిషమా?" అంటూ తీసిచ్చింది. కళ్ళు చికిలించి నన్ను చూసింది. "ఇలా చూస్తే మీరూ మీ గోడా ఒక్కలాగే ఉన్నారు."

"చొక్కా మహిమ."

ముక్కు దగ్గరి ప్యాడ్లు సరిచేసి నేనే పెట్టాను. అంత దగ్గర్నుంచి ఆవిడ కళ్ళు చూడటం అదే మొదలు. ఏ నంబరు అద్దాలో చెప్పమంటే ఆ క్షణంలో చెప్పలేకపోయేవాణ్ణి. "సంతకం అయిందా?" అంది మేనేజరు. ఇద్దరం ఉలిక్కిపడ్డాం.

ఐదో గురువారం వెళ్ళబోతుంటే నోరు జారాను. "వారంలో మిగతా ఆరు రోజులూ ఎందుకున్నాయో అర్థం కావట్లేదండీ."

గొడుగు తెరుచుకుని వెళ్ళిపోయింది.

తర్వాతి సోమవారం సాయంత్రం జోరు వానలో తలుపు చప్పుడైంది. డాక్టరు. గొడుగు లేదు, తల నుంచి నీళ్ళు కారుతున్నాయి. నా మొహం చూడకుండా మేనేజరు గోరు దగ్గర రక్తం తీసింది, కొత్తగా రెండు ఈకలు పీకింది.

"ఏమైనా ఎక్కువైందా డాక్టరుగారూ?"

"రిపోర్టు వచ్చాక చెప్తాను."

ఆ గురువారం రాలేదు. పై గురువారమూ రాలేదు. ఫోన్ చేస్తే "ఇంకా రాలేదండీ" అని పెట్టేసింది. మేనేజరుకి రోజులు దగ్గరపడ్డాయని అత్త అనుకుంది, ఒక జాకెట్టుకి రెండు చేతులూ ఎడమవే కుట్టేసింది. నేనూ అదే అనుకున్నాను, పైగా నేను వాగిన వాగుడికి డాక్టరుకి కోపమొచ్చిందని కూడా అనుకున్నాను. రెండు దిగుళ్ళూ నాకే చుట్టుకున్నాయి.

శుక్రవారం పొద్దున తలుపు చప్పుడైతే, మేనేజరు గదిలోంచి ఆ పూల చొక్కాతోనే పరుగెత్తాను. గుమ్మం దగ్గర డాక్టరు, చేతిలో కాగితాలు.

"నెగెటివ్," అంది. "రెండు ల్యాబులకి పంపాను. రెండూ నెగెటివే. మీ చిలకకి ఏమీ లేదు."

అత్త కుట్టుమిషను ముందున్న స్టూలు మీద కూలబడి, కళ్ళు ఒత్తుకుంది.

"మరి ముందు అలా ఎందుకొచ్చిందమ్మా?" అంది అత్త.

డాక్టరు నా వైపు తిరిగింది. "మీ చేతికి ఒక అట్టపెట్టె ఇచ్చాను, గుర్తుందా? ఆ చిలకకి ఈ వైరస్ ఉంది. పెట్టె నిండా దాని ఈకల దుమ్మే. అది మీ చేతులకంటింది. అవే చేతుల్తో మీరు మేనేజర్ని పట్టుకున్నారు, నేను ఈకలు పీకి పంపాను. ల్యాబుకి దొరికింది ఆ దుమ్ము. ఆ సోమవారం ఆ చిలక వాళ్ళు మళ్ళీ అదే పెట్టెతో వచ్చారు. చూడగానే నాకు విషయం తట్టింది, గొడుగు కూడా తీసుకోకుండా పరుగెత్తుకొచ్చాను."

"అప్పుడే చెప్పొచ్చు కదండీ."

"చెప్పాక, ఆ దుమ్ముతో నిజంగానే అంటుకుందని తేలితే? మీ అత్తయ్యగారికి ఆ మాట రెండోసారి చెప్పే ధైర్యం నాకు లేదు. తప్పు నాదే. వేరే డాక్టర్ని చూసుకుంటామన్నా నేనేమీ అనుకోను."

అత్త ఆ కాగితాలు తీసుకుని మిషను సొరుగులో పెట్టింది. తర్వాత నన్ను చూసింది.

"ఆ పిల్ల తప్పు చేసింది, వచ్చి ఒప్పుకుంది. నువ్వు నెలరోజులుగా కడుపులో పెట్టుకుని తిరుగుతున్న మాట ఒక్కటి బయటపెట్టలేదు. నేనెవర్ని తిట్టాలిరా?" అని టేపు కోసమంటూ లోపలికి వెళ్ళింది.

పళ్ళెమంత పువ్వుల చొక్కాలో నిలబడి ఎవరైనా ఎంత గంభీరంగా మాట్లాడగలరో అంతే మాట్లాడాను. "వేరే డాక్టరు వద్దండీ. మీరంటే నాకు ఇష్టం. ఆ ఆరు రోజుల మాట అన్నది అందుకే. కోపమొస్తే చెప్పండి, మళ్ళీ అనను."

ఆవిడ అలవాటు కొద్దీ కళ్ళజోడు పైకి తోసుకుంది. అది అసలు జారలేదు.

"చిలకకి జబ్బు లేదని తెలిసిన క్షణం ఎంత తేలికపడ్డానో చెప్పలేను," అంది. "మరుక్షణమే, ఇక గురువారం ఏ వంకతో రావాలా అని బెంగపడ్డాను. ఇదేం డాక్టర్నో నేను."

"సంతకం అయిందా?" అని గదిలోంచి వినపడింది.

"అయింది సార్," అంది డాక్టరు, నన్నే చూస్తూ.

గదిలోకెళ్ళి పంజరం తలుపు తీశాను. మేనేజరు నా భుజమెక్కి వరండాలోకి రాగానే ఆరు చిలకలూ ఒక్కసారిగా గోల పెట్టాయి. ఆ గోలలోనే అత్త మెడలో టేపుతో బయటికొచ్చి డాక్టరు వెనక నిలబడింది.

"భుజం కొలతివ్వమ్మా," అంది. "కర్టెన్ గుడ్డ ఇంకా రెండు మీటర్లు మిగిలింది."