ఊడొచ్చిన జెండా

ఆమె పరుగెత్తుతోంది!

కాళ్ల కింద గడ్డకట్టిన సరస్సు. చుట్టూ తెరలా మంచు. సాయంత్రం ఏడే అయినా కళ్లు పొడుచుకున్నా ఏమీ కనిపించని చీకటి.

వెనక బూట్ల చప్పుడు... దగ్గరవుతోంది.

"ఏయ్ జెండాలమ్మా! ఆగు! ఆ కార్డు ఇచ్చేసి పో!"

హోటల్ మేనేజరు. ఒక చేతిలో టార్చి. ఇంకో చేతిలో పిస్తోలు.

ఆగడమా? నవ్వొచ్చేది, ఊపిరి మిగిలుంటే.

చేతి గ్లవ్ లోపల వేలిగోరంత మెమరీ కార్డు. అందులో ఆమె మొగుడి బతుకుంది.

పోయిన చలికాలం ఒక టూరిస్టు పచ్చజెండాల మధ్యే స్కేటింగ్ చేస్తూ, మంచు విరిగి నీళ్లలోకి పోయాడు. జెండాలు పాతింది ఆమె భర్త. నేరం అతని తలకే చుట్టుకుంది. ఏడాదిగా జైలు. రేపు పొద్దున పదింటికి కోర్టులో ఆఖరి సాక్ష్యాలు.

అంతే... రేపు దాటితే ఇంకేం లేదు!

ఈ ఊరికి సెలవు లేదు. వేసవిలో పడవలు, వానలు వెలిశాక కొండ మీద నడకలు, చలికాలం స్కేటింగ్. చలికాలం ఆమె పని ఒకటే. తెల్లారగానే డ్రిల్లుతో మంచుకు చిల్లు పొడవాలి. మందం కొలవాలి. జానెడుంటే ఆ చిల్లులోనే పచ్చజెండా. తగ్గితే ఎర్రజెండా. మొగుడు జైలుకెళ్లాక ఆ పని ఆమెదీ, ఆమె మరిదిదీ.

కార్డు దొరికింది గంట కిందటే. కొండ మీద వ్యూ పాయింట్ కెమెరా రోజంతా సరస్సు అందాలు తీస్తూనే ఉంటుంది. ఆ పాత కార్డులున్న డబ్బా హోటల్ స్టోర్ రూములో మూలన పడుంది. ఫోన్లో పెట్టి చూసింది.

టూరిస్టు పోయిన రోజు తెల్లవారుజాము. మేనేజరు టార్చి పట్టుకున్నాడు. ఆరెంజ్ కోటు వేసుకున్న ఇంకొకడు పచ్చజెండాలు హోటల్ గుమ్మం దాకా జరిపి పాతుతున్నాడు. అతిథులు మెట్లు దిగి నేరుగా మంచు మీదకి రావాలి కదా! హోటల్ వేడినీళ్ల గొట్టం సరస్సులోకి తెరుచుకునేది సరిగ్గా అక్కడే. అక్కడ మంచు అప్పడమంత.

కోటు వాడి ముఖం కనిపించదు. హోటల్ వాడెవడో అనుకుంది.

వెంటనే మరిదికి ఫోన్ చేసింది. "రోడ్డు మీద ఆ మేనేజరు కారుంది వదినా! సరస్సు మీదుగా వచ్చెయ్. రేవు దగ్గర లాంతరు పట్టుకుని ఉంటా. పచ్చజెండాల వెంట రా!"

వస్తోంది...

అదిగో! దూరంగా పసుపు వెలుగు. ఊగుతోంది.

"వదినా! ఇటు! ఇటు రా!"

ఏడుపొచ్చింది ఆమెకు. నా అనేవాడు ఒక్కడైనా ఉన్నాడు!

ఇంకో పచ్చజెండా. ఇంకొకటి. వాటి మెరుపు పట్టీలు ఆమె తలకు కట్టుకున్న హెడ్‌లైటు వెలుగులో తళుక్కుమంటున్నాయి.

వెనక్కి చూసింది. మేనేజరు ఇరవై అడుగుల్లో ఉన్నాడు. టార్చి వెలుగు సూటిగా ఆమె వీపు మీదే.

మరి... కాల్చడేం?

అంతలో అతనే ఆగిపోయాడు!

ఆ ఆలోచనలోనే కాలు జారింది. పడబోతూ పక్కనున్న జెండా కర్ర పట్టుకుంది.

కర్ర ఊడి చేతిలోకి వచ్చేసింది!



పొద్దున పాతిన జెండా సాయంత్రానికి మంచులో బిగుసుకుపోతుంది. గునపంతో పొడిస్తే తప్ప కదలదు. ఆమె అరచేతుల్లో ఉన్న కాయలన్నీ అందువల్ల వచ్చినవే. ఇది ఊడిందంటే... పాతి గంట కూడా కాలేదు!

కర్రతో ముందు మంచును కొట్టింది.

డప్!

బోలు చప్పుడు. కింద నీళ్లు!

ఎడమ పక్కన ఎర్రజెండా. నాలుగడుగులు వేసి దాన్ని లాగింది. అదీ ఊడింది. దాని అవతల కొట్టింది.

ఠంగ్!

రాయిలా ఉంది. ఎర్రా పచ్చా తారుమారు చేశారు!

అందుకే కాల్చలేదు. తూటా దిగితే హత్య. మంచు విరిగితే ప్రమాదం. మొగుడికి జెండాలు పాతడం రాదు, పెళ్లానికీ రాదు అనేసి అందరూ చేతులు దులుపుకుంటారు.

కానీ చీకట్లో, అచ్చంగా ఆమె లెక్కలోనే, పది అడుగులకొకటి పాతింది ఎవరు? డ్రిల్లు పెట్టే గది తాళం ఎవరి దగ్గరుంది?

జైల్లో ఉన్న మొగుడికి కాక, ఆరెంజ్ కోటు ఇంకెవరికి ఉంది?

ఆమె ఎర్రజెండాల అవతలికి దాటి నిలబడింది. లాంతరు వైపు అరిచింది.

"మరిదీ! కాలు మడత పడింది! నడవలేను! నువ్వే రా!"

లాంతరు ఊగడం ఆగింది.

"పచ్చజెండాల వెంటే రారా! నువ్వు పాతినవేగా!"

 లాంతరు ఒక్క అడుగు కదల్లేదు.

అదే జవాబు.

"నా చేతి అన్నం తిన్నావు కదరా!" ఆమె కేక పెట్టింది. "మీ అన్నను జైల్లో పెట్టి, ఏడాదిగా నా ఇంట్లో కూర్చుని తిన్నావు!"

"వదినా..." వాడు భోరుమన్నాడు. "పడవల రేవు కాంట్రాక్టు నాకే ఇప్పిస్తానన్నాడు వదినా ఆ మేనేజరు! జెండాలు జరిపితే చాలన్నాడు! మనిషి పోతాడనుకోలేదు... ఇవాళ రానంటే నన్నూ లోపల వేయిస్తానన్నాడు! నావల్ల కాదు వదినా! రేపు కోర్టులో అంతా చెప్పేస్తా..."

ఢాం!

లాంతరు ఎగిరి పడింది. రేవు అంచు నుంచి ఒక శరీరం కిందికి జారింది. మంచు ఫెళ్లుమంది.

కాల్చింది ఆమెను కాదు. సాక్షిని!

హోటల్లో కిటికీలు ఒక్కొక్కటే వెలుగుతున్నాయి. బాల్కనీల్లోకి టూరిస్టులు. చేతుల్లో ఫోన్లు, కెమెరాలు. పొద్దంతా మంచునూ కొండల్నీ తీసిన కెమెరాలన్నీ ఇప్పుడు ఇటే తిరిగాయి.

మేనేజరు పిస్తోలు కోటు కింద దాచుకుని చీకట్లోకి పరుగు అందుకున్నాడు.

నల్లటి నీళ్లలో ఒక చెయ్యి కొట్టుకుంటోంది.

పోనీ... పోనీ ముండాకొడుకు!

ఒక్క క్షణం. ఒకే ఒక్క క్షణం అలాగే నిలబడిపోయింది.

కార్డులో ఉన్నది కోటు. ముఖం లేదు. అలాంటి కోటు ఆమె మొగుడికీ ఉంది. ఇది నా మొగుడు కాదని చెప్పగల నోరు ఈ లోకంలో ఒక్కటే. అది మునిగిపోతోంది!

ఆమె ఎర్రజెండాల వెంట రేవు దాకా పరుగెత్తి బోర్లా పడుకుంది. పల్చటి మంచు మీద పాకింది. జెండా కర్ర ముందుకు చాపింది.

"పట్టుకోరా! చావకు! రేపు పదింటికి నువ్వు మాట్లాడాలి!"

వాడి వేళ్లు కర్ర చివర బిగుసుకున్నాయి.

చిటుక్!

ఆమె పొట్ట కింద మంచు చీలుతోంది.

ఆమె కర్ర వదల్లేదు.