మాన్‌సింగ్ పక్కన జాగ

విగ్రహం మీద కప్పిన గుడ్డ తొలగించగానే సమాధుల పండుగకు వచ్చిన జనమంతా గతుక్కుమన్నారు!

"ఓయమ్మా... జమ్లీ బతికే ఉన్నది గదనే!" అని పక్కింటి తుల్సీబాయి నోరు నొక్కుకుంది.

జమ్లీ జనాన్ని తప్పించుకుని ముందుకొచ్చింది. బొగ్గుబాయిలో పనిచేసి, పోయినేడు కన్నుమూసిన పెనిమిటి విగ్రహం చూద్దామని కదా బంతిపూలు పట్టుకుని వచ్చింది! నల్లరాతిలో మాన్‌సింగ్ నవ్వుతూ కూర్చున్నాడు, బాగానే ఉంది. మరి ఆయన పక్కన కొంగు నెత్తిన వేసుకుని కూర్చున్నదెవరు? తనే! కొత్తరకం పనివాడట ఆ శిల్పి, ఇద్దరినీ ఒకే బండలోంచి తీశాడు. ఎంత బాగా తీస్తే మాత్రం... బతికున్న మనిషిని తీసుకొచ్చి సమాధుల్లో కూర్చోబెడతారా ఎక్కడైనా!

"ఏందిరా కల్యాణ్ గిది? కన్నతల్లిని రాయి జేసినవా? నేను సచ్చేదాక ఆగలేకపోయినవా?"

కొడుకు తలెత్తలేదు. "నువ్వే అడిగితివి గదా యాడీ... బాపు పక్కనే ఉంట అని."

అడిగిన మాట నిజమే! తెల్లదొరల కాలం నాటి ఆ రాతి చర్చి ఆవరణ సమాధులతో నిండిపోయింది. ఇక పోయినవాళ్లను ఊరవతలికే తీసుకుపోవాలి. పెనిమిటి పక్కన మిగిలిన ఆ కాస్త నేల కోసం సంఘపెద్ద చంద్రమోహన్ గడప ఎన్నిసార్లు తొక్కిందో! ఆయనది ఒకటే మాట. "మంచిగున్నోళ్లకు జాగ పట్టిపెట్టమమ్మా. డాక్టర్లు ఆశ లేదన్నోళ్లకే ఇస్తం."

జమ్లీ తన రాతిబొమ్మ కింది నేలను చూసి, కొడుకు వైపు తిరిగింది.

"మరి... నాకు జాగ ఎట్లిచ్చిండ్రురా?"

సంఘపెద్ద మొహం పక్కకు తిప్పుకున్నాడు. కోడలు కవిత ఇక ఆపుకోలేక భోరుమన్నది!

"నీ కడుపునొప్పి గ్యాసే అని చెప్పినం గదా అత్తమ్మా... గ్యాస్ కాదు! వరంగల్ దవాఖానల ఇగ ఇంటికి తీస్కపొమ్మన్నరు..."

జమ్లీ ఆ రాతి మొహం వైపు మళ్లీ చూడలేదు. కొడుకు మొహమే చూసింది. కళ్ల కింద ఆ నలుపేమిటి! వీడు అసలు నిద్రపోతున్నాడా? అమ్మ ముక్కు ఇట్లుంటది, చెంపలు ఇట్లుంటయి అని శిల్పికి దగ్గర కూర్చుని చెప్తూ ఎంత కుమిలిపోయాడో బిడ్డ...

"పిచ్చోడా! గింత బరువు ఒక్కనివే మోసినవారా? ఇగ దాచుడు వద్దు. ఏడ్చేదుంటే ముగ్గురం కూడి ఏడుద్దాం!"

వాడు చిన్నపిల్లాడిలా మోకాళ్ల మీద కూలబడి, తల్లి నడుము చుట్టేసి ఆమె కడుపులో తల దూర్చాడు. నొప్పి మెలిపెట్టింది. జమ్లీ పళ్లు బిగబట్టి, వాడి తలను ఇంకా దగ్గరికి అదుముకుంది.