పిట్టగోడ మీంచి చెంబెడు నీళ్ళు

యాదీర తడిసిన సున్నం పెళ్ళ ఒకటి అరచేతిలో పట్టుకుని పక్కింటి తలుపు కొట్టింది. తలుపు తీసిన ఫెర్మిన్ ముందు పెళ్ళని చూశాడు, తర్వాత ఆమెని చూశాడు, ఆ తర్వాత పెళ్ళ సంగతి పూర్తిగా మరిచిపోయాడు.

"ఇదేంటో తెలుసా?" అంది యాదీర.

"సున్నం."

"మా నాన్న మంచం పక్క గోడది. పిండితే నీళ్ళు కారుతున్నాయి. గురువారం తప్ప కుళాయిలో చుక్క రాని వీధిలో మా గోడకి మాత్రం రోజూ నీళ్ళెలా వస్తున్నాయో కాస్త చెప్తారా?"

ఫెర్మిన్ మొహం పాలిపోయింది. మెక్సికో నగరంలో ఇస్తపలాపా పేటలోని ఆ వీధిలో తాగి పడిపోయినవాణ్ణి అయినా పలకరిస్తారు గానీ, నీళ్ళు పారబోశాడంటే వాడి మొహం చూడరు.

"లోపలికి రండి. మీరే చూడండి," అన్నాడు.

రెండిళ్ళకీ మధ్యనున్న గోడ నిండా పాత జీన్సు గుడ్డతో కుట్టిన సంచులు వరసలుగా వేలాడుతున్నాయి. వాటి నిండా ఎర్ర లావా రాళ్ళు, కాస్త మట్టి, బొద్దు ఆకుల మొక్కలు. పై వరస యాదీర వాళ్ళ డాబా పిట్టగోడని తాకుతోంది. ఇవన్నీ ఫెర్మిన్ నాయనమ్మ చోలె తన డాబా మీద పెంచుకున్న మొక్కలు. మోకాలు విరిగాక ఆమె ఇనప మెట్లు ఎక్కలేకపోయింది. అందుకని మనవడు వాటిని ఆమె కిటికీ ఎదురుగా గోడకి ఎక్కించాడు.

"వీటికి పదిహేను రోజులకోసారి తలా ఒక గుక్క. అంతే. ఒట్టు."

యాదీర ఒక ఆకుని నొక్కింది. అది ఉడికిన వంకాయలా వేలికి అంటుకుంది. "మరి ఇలా కుళ్ళిపోతున్నాయేం?"

"అదే నాకూ అర్థం కావట్లేదు."

"ఆదివారం మా నాన్నకి సెలవు. సుత్తి పట్టుకొచ్చి మొత్తం పీకేస్తానంటున్నారు. ఆయన అన్నారంటే చేస్తారు."

కిటికీలోంచి దగ్గు వినబడింది.

"ఒరే ఫెర్మిన్, నన్ను తిట్టకు," అంది చోలె బామ్మ. "తాగగా గ్లాసులో మిగిలింది పారబోస్తామా ఎక్కడైనా? అవి ఎదురుగా నాలుక పిడచగట్టి చూస్తుంటే నా ప్రాణం ఊరుకోలేదు."

"వాటికి దాహం అలవాటే బామ్మా."

"నీతో చెప్పాయా?"

యాదీర నవ్వేసింది. వెంటనే పోట్లాటకి వచ్చిన సంగతి గుర్తొచ్చి మొహం బిగించుకుంది.

బామ్మ గ్లాసు నీళ్ళు కింది వరసకి మించి వెళ్ళవు. ఎక్కువ కుళ్ళింది పై వరస. ఫెర్మిన్ స్టూలెక్కి పైనున్న సంచి ఒకటి దించి బోర్లించాడు. రాళ్ళతోపాటు ఉబ్బిన చిన్న తెల్లపూలు కొన్ని రాలాయి. మన్సానియా పూలు. జుట్టు మెరవడానికి ఆడపిల్లలు మరిగించి ఆ నీళ్ళతో తల కడుక్కుంటారు. పక్కనే నిలబడ్డ యాదీర జుట్టు అదే వాసన వేస్తోంది.

ఆమె పూలని చూసింది. చెవులు ఎర్రబడ్డాయి. తడి ఎక్కడిదో ఆమెకి కూడా అప్పుడే తెలిసింది.

"ఏం దొరికిందిరా?" అంది బామ్మ.

"ఏం లేదు బామ్మా. చెత్త," అంటూ ఫెర్మిన్ ఆ పూలని చొక్కా జేబులో వేసుకున్నాడు.

ఆదివారం పొద్దున యాదీర తండ్రి రుటిలియో సుత్తితో వచ్చాడు. వెనకే యాదీర. ఫెర్మిన్ అప్పటికే స్టూలెక్కి మేకులు ఊడదీస్తున్నాడు.

"తప్పు నాదే రుటిలియో గారూ. నేనే తీసేస్తాను, మీకెందుకు శ్రమ."

బామ్మ కిటికీ తెర లాగేసుకుంది.

ఆ తెర చూశాక యాదీర ఆగలేకపోయింది. "నాన్నా, నీళ్ళు పోసింది నేను."

సుత్తి కిందికి వాలింది. "నువ్వా?"

"తల కడుక్కోగా మిగిలిన నీళ్ళు. పైనుంచి చూస్తే మొక్కలు ఎండిపోయినట్టు అనిపించి ఒకరోజు చెంబెడు పోశాను."

"ఒక్క రోజుకే గోడ ఇంత నానిందా?"

"ఈయన కింద నిలబడి వాటితో మాట్లాడుతుంటే వినడం బాగుండేది. అందుకని రోజూ పోశాను."

స్టూలు మీద ఫెర్మిన్ చేతిలోంచి మేకు జారిపోయింది. రుటిలియో కూతుర్ని చూశాడు, కుర్రాణ్ణి చూశాడు.

"మనింట్లో కొత్తిమీరకి పోయవే అంటే నీళ్ళెక్కడివి అంటావు. వీళ్ళ గోడకి మాత్రం వచ్చాయా?"

కిటికీ తెర కొంచెం పక్కకి తొలగింది.

రుటిలియో నిట్టూర్చి గోడని తట్టి చూశాడు. "సంచులు గోడకి ఆనించి కట్టావు, అదీ నీ తప్పు. చెక్కలు కొట్టి రెండంగుళాలు ఎడంగా వేలాడదియ్యి. గాలి ఆడితే ఆరిపోతుంది. చెక్కలున్నాయా?"

"ఉన్నాయండీ."

"తే మరి. సుత్తి ఎలాగూ తెచ్చాను."

మధ్యాహ్నానికి సంచులు మళ్ళీ గోడకెక్కాయి. బామ్మ మొక్కజొన్న పిండితో చేసిన తమాలెలు వేడిచేసి రుటిలియోని లోపలికి పిలిచింది. కుళ్ళిన మొక్క నుంచి మిగిలిన ఒక్క మంచి ఆకుని ఫెర్మిన్ యాదీర చేతిలో పెట్టాడు.

"పొడి మట్టి మీద ఊరికే పడెయ్యండి. దాన్నుంచే కొత్త మొక్క వస్తుంది. వేళ్ళు వచ్చేదాకా నీళ్ళు పోయకూడదు."

"మరి అప్పటిదాకా ఏం చెయ్యాలి?"

"చూస్తూ ఉండాలి."

"ఊరికే చూస్తూ ఉండటం ఎవరివల్ల అవుతుంది?"

"నావల్ల అయింది," అన్నాడు ఫెర్మిన్ నేలకేసి చూస్తూ. "మీరు డాబా మీద జుట్టు ఆరబెట్టుకోవడం మొదలుపెట్టినప్పటి నుంచీ."

యాదీర ఆకుని పిడికిట్లో పెట్టుకుంది. నలుగుతుందేమోనని మళ్ళీ వదులు చేసింది. గుమ్మం దాకా వెళ్ళి తిరిగి చూసింది.

"వేళ్ళొచ్చాయేమో రేపు వచ్చి చూడు," అంది.

"రేపటికి వేళ్ళు రావు."

"వేళ్ళు రాకపోయినా నువ్వు రా."