నూట నలభై తొమ్మిది

మంగ్లు మావ జీపు ఇంటిముందు ఆగి రెండుసార్లు హారన్ కొట్టింది. అరుగు మీద కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తున్న జీవిత ఎప్పటిలా పరిగెత్తుకు వెళ్ళలేదు. తల ఇంకాస్త దించుకుంది.

ఆ రోజు శుక్రవారం, అరకు సంత. బడికి సెలవు. జీపు కిక్కిరిసి ఉంది. లోపల పదిమంది, వెనక కమ్మీ పట్టుకుని వేలాడుతూ నలుగురు, పైన రాజ్‌మా మూటలు, ఒక మేకపిల్ల.

నెలలో మొదటి సంతరోజున అమ్మ కృపావతి మంగ్లు మావ చేతికి ఏటీఎం కార్డు ఇస్తుంది. జీవిత వాళ్ళ నాన్న సువార్తరావు గుమ్మలక్ష్మీపురం దగ్గర ఆశ్రమ పాఠశాలలో మాస్టారు. నెలకోసారి గాని ఇంటికి రాలేడు. జీతం బ్యాంకులో పడుతుంది. మావ అరకులో రెండువేలు తీసి, సాయంత్రం కార్డుతో సహా తెచ్చి అమ్మ చేతిలో పెడతాడు. రెండేళ్ళుగా అంతే.

"కార్డు ఇవ్వు సెల్లీ, బేగి ఎల్లాల," అన్నాడు మావ, స్టీరింగు దగ్గరనుంచే చెయ్యి చాపి.

అమ్మ గుమ్మంలోనే నిలబడింది. చేతిలో ఏమీ లేదు.

"ఈ నెల వద్దులే అన్నయ్యా. ఇకమీదట కార్డు నా కాడే ఉంటాది."

"ఏటైనా జరిగిందేటి?"

"ఏటీ లేదు. డబ్బులు తగ్గుతున్నాయి. ఎలా తగ్గుతున్నాయో తెల్లేదు. అంతే."

జీపులో మాటలు ఆగిపోయాయి. ముందుసీట్లో కూర్చున్న ముసలి ముత్యాలమ్మ మాత్రం ఊరుకోలేదు. "ఏటి మంగ్లూ, డీజిలు పోసీసినావేటి మాస్టారి జీతంతో?" అంది. ఆమెకు ఎవరిమీదైనా ఓ మాట విసరకపోతే పొద్దు గడవదు. వెనక వేలాడుతున్నవాళ్ళు నవ్వారు.

మావ నవ్వలేదు. చాపిన చెయ్యి వెనక్కి తీసుకుని, తాళం తిప్పి, గేరు వేసి వెళ్ళిపోయాడు.

ఆ డబ్బు ఎలా తగ్గిందో ఆ ఇంట్లో ఒక్క జీవితకే తెలుసు.

నిన్న అమ్మ బ్యాంకుకి వెళ్ళి పాసుపుస్తకంలో ప్రింటు వేయించుకొచ్చింది. అమ్మ చదువు ఏడో తరగతితో ఆగిపోయింది. తెలుగు ఎంతైనా చదువుతుంది గాని ఇంగ్లీషు కనబడితే కంగారుపడుతుంది. అంకెలు మాత్రం తెలుసు. మూడు చోట్ల నూట నలభై తొమ్మిది అని ఉంది. జూలైలో ఒకటి, ఆగస్టులో ఒకటి, సెప్టెంబరులో ఒకటి. పక్కనే ఇంగ్లీషు అక్షరాలు. ఆరో తరగతి చదువుతున్న కూతుర్ని పిలిచి, ఇదేమిటో చదవమంది.

జీవిత చదివింది. అది పుస్తకాలు అమ్మే వెబ్‌సైట్ పేరు.

"ఏదో కోడ్ అమ్మా. నాకు తెలీదు," అంది.

అమ్మ చాలాసేపు ఆ మూడు వరసల్నీ చూస్తూ కూర్చుంది. నాలుగువందల నలభై ఏడు రూపాయలంటే ఆ ఇంట్లో నెల బియ్యం. చివరికి తనలో తనే, కార్డు పట్టుకెళ్ళేది ఒక్క మనిషే కదా అని గొణుక్కుంది. జీవిత ఆ మాట విన్నది. విని కూడా ఊరుకుంది.

జీపు వెళ్ళిపోయాక, మధ్యాహ్నం అన్నం పెడితే జీవిత ముద్ద కలిపిందే గాని తినలేదు. కంచంలో చెయ్యి పెట్టుకుని కూర్చుంది. జ్వరమేమో అని అమ్మ నుదురు పట్టుకు చూసింది. కడుపునొప్పా అని అడిగింది. నిన్న సెలయేట్లో ఆడావా, ఎవరైనా కొట్టారా, అని వరసపెట్టి అడుగుతూనే ఉంది. పిల్ల ఓ పూట తినకపోతే అమ్మకి లోకంలోని రోగాలన్నీ గుర్తొస్తాయి.

"మంగ్లు మావ తీయలేదమ్మా," అంది జీవిత. "నేనే."

ఆ తరువాత ఏడుస్తూ, ముక్కు చీదుతూ, మొత్తం చెప్పేసింది.

వేసవి సెలవుల ఆఖర్లో నాన్న తనని అరకులో నెట్ సెంటరుకి తీసుకెళ్ళాడు. నక్షత్రాల గురించి ఒక బొమ్మల పుస్తకం కంప్యూటరులోనే కొన్నారు. కార్డు నంబరు నాన్న కొట్టాడు. అంతలో ఎవరో పిలిస్తే, మిగతాది నింపమని చెప్పి బయటికి వెళ్ళాడు. అప్పుడు తెరమీద ఒక చిన్న డబ్బా వచ్చింది. పక్కన ఫ్రీ అని పెద్ద ఎర్ర అక్షరాలు. కింద చీమల బారులా సన్నటి అక్షరాలు.

జీవితకి తెలిసిన కొనుగోలంతా సంతలోనే. అక్కడ రాజ్‌మా గింజలు కొన్నా, అల్లం కొన్నా, కొలిచాక గుప్పెడు కొసరు వేస్తారు. వద్దంటే అమ్మినవాళ్ళు నొచ్చుకుంటారు. కొసరు వేయించుకోకుండా రాకూడదని అమ్మే నేర్పింది. పుస్తకం కొన్నాం కాబట్టి వాళ్ళూ కొసరు వేస్తున్నారనుకుంది. చీమల బారు చదవకుండా డబ్బాలో టిక్కు పెట్టింది. పుస్తకంతో పాటు మెరిసే స్టిక్కర్లు వచ్చాయి. ఎంత మంచివాళ్ళో అనుకుంది.

అంతా విని అమ్మకి కోపం వచ్చింది. ఆ కోపంలోనే నవ్వూ వచ్చింది.

"సంతలో కొసరేసినోడు నెలనెలా ఇంటికొచ్చి డబ్బులడగడు కదే గుంటా," అంది. మళ్ళీ ముఖం మారిపోయింది. "నిన్ననే సెప్పుంటే అన్నయ్యని అంత మాట అందునా?"

జీవిత లేచి చెయ్యి కడుక్కుంది.

ఊళ్ళో సెల్‌ఫోనుకి సిగ్నల్ దొరికేది చర్చి గుట్ట మీదే. ఇద్దరూ ఎక్కారు. ముందు నాన్నకి ఫోను చేశారు. తిడతాడని జీవిత కళ్ళు మూసుకుని చెప్పింది. నాన్న తిట్టలేదు. తను కూడా పూర్తిగా చూడకుండా పిల్ల చేతికి వదిలేసి బయటికెళ్ళడం తప్పేనన్నాడు. మంగ్లు బావని ఏమీ అనలేదు కదా, అని అడిగాడు. అమ్మ ఫోను తీసుకుని, పొద్దున్న కార్డు ఇవ్వలేదని చెప్పింది.

"కృపా, ఏటీఎంలో వచ్చేవి నోట్లు. వంద, అయిదొందలు. నూట నలభై తొమ్మిది ఎవరు తీయగలరు?"

అమ్మ ఏటీఎం లోపలికి ఎన్నడూ వెళ్ళలేదు. ఫోను జీవిత చేతికిచ్చి అక్కడున్న రాయి మీద కూలబడింది.

కంపెనీ నంబరు పుస్తకం వచ్చిన కవరు మీద ఉండాలన్నాడు నాన్న. ఆ దళసరి కాగితాన్ని జీవిత తన లెక్కల పుస్తకానికి అట్ట వేసుకుంది. గుట్ట దిగి, ఇంటికి పరిగెత్తి, అట్ట ఊడదీసి, మళ్ళీ గుట్ట ఎక్కింది.

ఫోనులో చాలాసేపు పాట వినిపించింది. అది నొక్కండి, ఇది నొక్కండి అన్నారు. బ్యాలెన్సు అయిపోతుందేమోనని అమ్మ చీరకొంగు మెలిపెడుతూనే ఉంది. చివరికి తెలుగు మాట్లాడే ఒకామె దొరికింది. అది నెలనెలా కట్టే సభ్యత్వమనీ, మొదటినెల మాత్రమే ఫ్రీ అనీ, రెండో నెలనుంచి డబ్బు కడతామని ఒప్పుకున్నట్టే ఆ టిక్కు అనీ చెప్పింది. జీవిత అట్టమీది ఆర్డరు నంబరు చదివి, మాకు వద్దు, ఆపేయండి అంది. ఆపేసినట్టు మెసేజి వచ్చేదాకా ఫోను పెట్టనని కూడా అంది. ఈమధ్య తీసిన నూట నలభై తొమ్మిదీ పదిరోజుల్లో వెనక్కి వేస్తారట. అంతకు ముందువి రెండూ రావట.

మెసేజి వచ్చింది. జీవిత దాన్ని పైనుంచి కిందదాకా చదివింది. చివర ఉన్న చిన్న వాక్యం కూడా రెండుసార్లు చదివి తెలుగులో అమ్మకి చెప్పింది.

గుట్ట దిగుతుంటే, సాయంత్రం అన్నయ్య ఒక్కడే ఉన్నప్పుడు ఇంటికెళ్ళి నెమ్మదిగా చెబుదామంది అమ్మ. సరేనంది జీవిత. నాలుగడుగులు వేసి ఆగింది.

"ఆయన్ని అన్నది అందరి ముందు కదమ్మా."

అమ్మ కూతురి చెయ్యి పట్టుకుని గుట్ట దిగింది.

పొద్దు వాలుతుండగా జీపు సంతనుంచి తిరిగొచ్చింది. పొద్దున్న వెళ్ళినవాళ్ళే ఉన్నారు, మేకపిల్ల తప్ప. మూటలకు బదులు ఉప్పు, కిరోసిన్ డబ్బాలు, కొత్త చీపుర్లు. జీపు వాళ్ళ ఇంటిముందు ఆగకుండా పోబోయింది. జీవిత దారికి అడ్డంగా వెళ్ళి నిలబడింది.

మావ బ్రేకు వేశాడు. "ఏటే గుంటా, సావాలనుందేటి? అడ్డులే."

జీవిత స్టీరింగు పక్కకి వచ్చి తలుపు పట్టుకుంది.

"మావా, డబ్బులు నావల్ల పోయినాయి. కంప్యూటర్లో పుస్తకం కొన్నప్పుడు నేను సదవకుండా టిక్కు పెట్టీసినాను. నిన్న అమ్మ అడిగితే తెలీదని అబద్ధం ఆడినాను. నువ్వు ఒక్క రూపాయి తీయలేదు."

వెనకాలే వచ్చిన అమ్మ, "నేనూ తొందరపడి అనీసినాను అన్నయ్యా. మనసులో పెట్టుకోకు," అంది.

మావ ఇద్దర్నీ చూశాడు. పొద్దుటినుంచి బిగుసుకుపోయిన ముఖం మెల్లగా వదులైంది. ముత్యాలమ్మ గొంతు సవరించుకుంది. ఆమె ఏమైనా అనేలోగా మావ ఆమెవైపు తిరిగి, "ఇన్నావా పెద్దమ్మా? డీజిలు నా డబ్బుల్తోనే పోసినాను," అన్నాడు.

"అనీసినాన్లే, నాకేటి తెలుసు," అంటూ ముసలమ్మ చీపురు సర్దుకుంది.

అప్పుడు వెనక వేలాడుతున్నవాళ్ళలో ఒకరు, ఏటి, ఏటైంది, జీపెందుకాగింది, అని అరిచారు. ఇంజను చప్పుడుకి వాళ్ళకి ఒక్క ముక్కా వినబడలేదు.

"పోనీలే, నాను సెప్తాలే ఆలకి. నువ్వు ఇంటికెల్లు," అన్నాడు మావ.

"వద్దు మావా," అంది జీవిత. "ఇంజను ఒక్కసారి ఆపు."

మావ తాళం తిప్పాడు. చప్పుడు ఆగింది. జీవిత కళ్ళు తుడుచుకుని జీపు వెనక్కి నడిచింది. పొద్దున్న నవ్విన నలుగురూ ఆమె వైపు వంగి చూస్తున్నారు. ఆమె కమ్మీ పట్టుకుని, మొదటినుంచి మళ్ళీ చెప్పడం మొదలుపెట్టింది.