మొవ్వు ఎత్తున

గగన నియంత్రణ గదిలో హైమవతి ఆ పూటకు నలభయ్యో ఉల్లంఘనను మూసి తర్వాతిది తెరిచింది. సరుకు డ్రోన్లు తిరిగే ఏడో తోవ కింద, ఏటి అవతలి ఊళ్లో, గుర్తుసంఖ్య లేని చిన్న డ్రోను. ఎత్తు పదకొండు మీటర్లు. ఆ ఇంటి గృహాకాశం హద్దు నాలుగున్నర. హద్దు మీరినవాటిని కూల్చే యంత్రపు డేగ అప్పటికే గూటి నుంచి లేచింది. తాకడానికి తొంభై సెకన్లు.

నియమం ప్రకారం ఆమె దృశ్యం చూసి, ధ్వని విని, దాడికి అనుమతిగా వేలిముద్ర వెయ్యాలి. వినడమే తప్ప అటు పలకడానికి వీల్లేదు.

డాబా మీద నలుగురున్నారు. కుర్చీలో ముసలామె, ఆమె కడుపు నుంచి సన్నని గొట్టం కొక్కేనికి వేలాడే, మూత్రపిండాల పని చేసే శుద్ధిద్రవం సంచీ దాకా సాగింది. రిమోటు ఆమె చేతుల్లోనే ఉంది. మనవరాలు భుజం మీదుగా వంగి అరుస్తోంది.

“మామ్మా, కుడి బొటనవేలు! కుడి!”

“ఏది కుడో నాకు తెల్దేటే? మీ నాన్నకి అన్నం తినే సెయ్యి ఏదో నేర్పింది నేనే.”

డ్రోను ఒరిగి, కోడలి తల మీదుగా దూసుకుపోయింది. కోడలు పిట్టగోడ పక్కన కూలబడి పగలబడి నవ్వింది. కొడుకు సింహాద్రి మాత్రం పైకి చూశాడు.

“ఇంక పైకి పోనీకమ్మా.”

“పోతే ఏటి? మన సెట్టు మొవ్వు దాకా మనదే కదరా. కాయితంలో అలగే రాసినారు.”

నిజమే. ఆవరణలో అన్నిటికన్నా ఎత్తైనది ఎంత ఎత్తుంటే అంతవరకూ గృహాకాశం. హైమవతి వాయుపటం పాత పొరను తెరిచింది. పద్నాలుగు మీటర్ల కొబ్బరిచెట్టు. కార్తీకంలో వచ్చిన తుపానుకు కూలింది. మర్నాడే పటం దాన్ని చెరిపేసింది. చెట్టుతోపాటు తమ ఆకాశమూ కూలిందని ఆ ఇంటికి ఎవరూ చెప్పలేదు.

యాభై సెకన్లు.

డేగ తాకితే పోయేది బొమ్మ ఒక్కటే కాదు. ఇంటికి ఏడాది గగనబహిష్కారం, సరుకు డ్రోనేదీ అక్కడ దిగదు. అదే తుపానుకు వంతెన కొట్టుకుపోయాక, ముసలామె సంచీలు ఏడో తోవలోనే వస్తున్నాయి.

“మేడమ్, ముద్ర?” పక్క బల్ల నుంచి పర్యవేక్షకుడు మోజెస్ అడిగాడు.

“చూస్తున్నాను.”

“చూసేదేముంది? హద్దు నాలుగున్నర, ఎత్తు పదకొండు. మా పిల్లాడు కూడా చెప్తాడు.”

హైమవతి వాయుపటంలోకి ఎక్కించే స్థిరవస్తు నమోదు పత్రం తెరిచింది. తప్పుడు నమోదుకు ఉద్యోగం పోతుంది. తనిఖీ వారం తిరిగేలోగా వస్తుంది. వస్తువు: కొబ్బరిచెట్టు. ఎత్తు: పద్నాలుగు మీటర్లు. చూసినవారు:

వేళ్లు ఆగాయి. తెర మీద ముసలామె తల ఎత్తింది. ఆమె చూపు డ్రోను మీద లేదు. దానికి కాస్త పైన, మట్టలుండవలసిన చోట, ఖాళీలో నిలిచింది.

హైమవతి తన పేరు రాసి, బొటనవేలు ఆనించింది.

మూడిళ్ల అవతల డేగ గాలిలో తడబడి వెనుదిరిగింది.

నిమిషం గడవకముందే ఏడో తోవలో సాయంకాలపు సరుకు డ్రోన్లు వచ్చాయి. ఒకటి, మరొకటి, తర్వాత బారుగా ముప్పై. ఆ ఇంటి మీదికి రాగానే ప్రతిదీ ఒకే వంపు తిరిగి, ఏదో ఒక దాన్ని తప్పించుకున్నట్టు సాగిపోయింది. వెనక ఆరో తోవ కదిలింది. దానికి చోటివ్వడానికి ఐదోది.

“ఇదేంటి మేడమ్? ఖాళీ గాలి చుట్టూ ఎందుకు తిరుగుతున్నాయి?” మోజెస్ లేచి నిలబడ్డాడు.

హైమవతి చెవిలోని శ్రవణిలో ముసలామె గొంతు నింపాదిగా వినిపించింది.

“సూడరా సింహాద్రీ, మన సెట్టుకి తగలకుండా ఎంత పొందిగ్గా ఎల్తన్నాయో!”